టీవైజీఎస్ రివ్యూ: మట్టి బాక్టీరియాకి కొత్త పేరు పెట్టేముందు అడగాల్సిన సర్వర్

మట్టిలోంచి తీసిన కాలనీకి 16ఎస్ (బాక్టీరియాని గుర్తుపట్టడానికి చదివే ఒక జీన్) సీక్వెన్స్ చేయిస్తే దగ్గరి బంధువుతో పోలిక 98.2 శాతం దగ్గర ఆగిందనుకోండి. ల్యాబులో సందడి మొదలవుతుంది, పేరేం పెడదామా అని. ఆ సందడి నిలబడుతుందా లేదా అన్నది తేల్చుకోవడానికి ఇప్పుడు చాలామంది వెళ్లేది టీవైజీఎస్ దగ్గరికి. పూర్తి పేరు టైప్ స్ట్రెయిన్ జీనోమ్ సర్వర్. టైప్ స్ట్రెయిన్ అంటే ఒక జాతి పేరుకి కొలబద్దగా దాచిన కల్చర్. జర్మనీలో బ్రౌన్‌ష్వైగ్‌లో ఉన్న కల్చర్ బ్యాంకు డీఎస్ఎంజెడ్ నడుపుతోంది. మయర్-కోల్తాఫ్, గోకర్ 2019లో దీన్ని ప్రకటించారు. పైసా కట్టక్కర్లేదు. జీనోమ్ ఫైలు ఎక్కించి, ఈమెయిల్ ఇచ్చి వెళ్లిపోతే, వరుసలో మన వంతు వచ్చాక ఫలితాల లింకు వస్తుంది.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. ఒప్పుకున్న పనిని ఈ సర్వర్ చాలా బాగా చేస్తుంది. కానీ పెట్టిన జీనోమ్ శుభ్రమైనదా, కలగాపులగమా అని నిలదీయదు. చెత్త పెట్టినా అంతే మర్యాదగా పట్టికలు, చెట్లు గీసి పంపిస్తుంది. అందులో 'కొత్త జాతి కావచ్చు' అన్న మాట కనిపించగానే పేపరు రాయడానికి కూర్చునేవాళ్ల కోసమే ఈ రివ్యూ.

లోపల ఏం జరుగుతుంది

ఇచ్చిన జీనోమ్‌కి దగ్గరి బంధువులని రెండు దార్లలో వెతుకుతుంది. మాష్ అనే పద్ధతితో జీనోమ్ మొత్తాన్నీ గబగబా పోల్చి పది దగ్గరి టైప్ స్ట్రెయిన్లని పట్టుకోవడం ఒక దారి. రెండోది జీనోమ్‌లోంచే 16ఎస్ జీన్‌ని బయటికి తీసి, బ్లాస్ట్ (సీక్వెన్సులని పోల్చి వెతికే ప్రోగ్రాము) చేసి, మొదటి యాభై మందిలోంచి మళ్లీ పదిమందిని ఏరడం. ఆ తర్వాత అసలు లెక్క, డిజిటల్ డీడీహెచ్ (డీఎన్‌ఏ-డీఎన్‌ఏ హైబ్రిడైజేషన్). పాతరోజుల్లో రెండు బాక్టీరియాల డీఎన్‌ఏని వేడిచేసి, విడదీసి, ఒకదానితో ఒకటి ఎంతవరకు అతుక్కుంటాయో చూసేవాళ్లు. 70 శాతం దాటితే ఒకే జాతి అని 1987లో గీత గీశారు. ఆ ప్రయోగం చెయ్యడం నరకం, ఒక ల్యాబు అంకె ఇంకో ల్యాబులో వచ్చేది కాదు. ఇప్పుడు అదే గీతని కంప్యూటరు మీద సీక్వెన్సులతో చూస్తున్నాం. 70 కింద ఉంటే వేరే జాతి. 79 గీత ఉపజాతులకి.

రెండు దార్లలో వెతకడం వల్ల లాభం స్ట్రెప్టోమైసిస్ లాంటి ప్రజాతుల్లో (జీనస్, అంటే దగ్గరి జాతుల గుంపు) తెలుస్తుంది. తొలకరి చినుకుకి లేచే మట్టివాసన వెనకున్న జియోస్మిన్‌ని తయారుచేసే గుంపు ఇదే. పేరున్న జాతులే వందల్లో ఉన్నాయి, 16ఎస్‌లో ఒకదానికొకటి అచ్చు కవలల్లా కనిపిస్తాయి. ఒక్క 16ఎస్‌తో వెతికితే అసలు బంధువు జాబితాలోకే రాకపోవచ్చు.

16ఎస్‌ని నమ్ముకుని మోసపోయిన పాత ఉదాహరణ అప్పట్లో బాసిల్లస్ అని పిలిచినవాటిలో ఉంది. గ్లోబిస్పోరస్, సైక్రోఫిలస్ అనే రెండింటికి 16ఎస్ పోలిక 99.5 శాతం పైనే, డీఎన్‌ఏ అతుకు మాత్రం గీతకి చాలా కింద. 1992లోనే ఈ సంగతి తేలింది. కాబట్టి 98.7 శాతం కన్నా తక్కువ వస్తే కొత్త జాతి అని గట్టిగా ఆశపడొచ్చు గానీ, ఎక్కువ వచ్చినంత మాత్రాన పాతదే అని కొట్టిపారెయ్యడానికి లేదు.

ఎక్కించే ముందు

సగం తప్పులు సర్వర్ దాకా రాకముందే జరిగిపోతాయి.

మొదటిది కల్చర్. మట్టి నుంచి వచ్చిన ఆక్టినోబాక్టీరియా (స్ట్రెప్టోమైసిస్ చేరే పెద్ద గుంపు) కాలనీ పైకి ఒకటిగానే కనిపిస్తుంది, అడుగున బాసిల్లస్ బీజాలు నిద్రపోతుంటాయి. కనీసం మూడుసార్లు విడివిడి కాలనీల నుంచి గీతలు గీసి, ఆ చివరి కాలనీ నుంచే గ్లిసరాల్ స్టాకూ, డీఎన్‌ఏ, 16ఎస్ అన్నీ తియ్యాలి. 16ఎస్ ఒక స్టాకు నుంచి, జీనోమ్ ఇంకో స్టాకు నుంచి తీస్తే తర్వాత రెండూ కలవకపోతే ఎవర్ని తప్పుపట్టాలో తెలీదు.

రెండోది 16ఎస్. 27ఎఫ్, 1492ఆర్ ప్రైమర్లతో వచ్చే ముక్క దాదాపు పదిహేను వందల బేస్‌లు (డీఎన్‌ఏ అక్షరాలు). సాంగర్ (ఒక్కో జీన్ ముక్కని విడిగా చదివే పద్ధతి) రీడ్‌లో నమ్మదగ్గ భాగం ఏడెనిమిది వందలే. ఒక్కవైపు రీడ్‌తో సరిపెట్టుకుంటే సగం జీన్‌తో పోల్చినట్టే. రెండువైపులా చదివించి, నడుమ కలిసే చోట క్రోమటోగ్రామ్ కంటితో చూసి అతకాలి. స్ట్రెప్టోమైసిస్‌లకి జీసీ (డీఎన్‌ఏలో జీ, సీ అక్షరాల వాటా) 70 శాతం పైన ఉంటుంది కాబట్టి పీసీఆర్ మొరాయిస్తే 5 శాతం డీఎంఎస్ఓ కలిపితే చాలాసార్లు దారికొస్తుంది. ఈ సీక్వెన్స్‌ని ఈజ్‌బయోక్లౌడ్ అనే 16ఎస్ డేటాబేస్‌లో పెట్టి టైప్ స్ట్రెయిన్ల జాబితా తీసి దాచుకోండి. తర్వాత దీనితో పని ఉంది.

మూడోది జీనోమ్. జాతి వర్గీకరణకి 2018లో ప్రతిపాదించిన కనీస ప్రమాణాల ప్రకారం కవరేజీ (ఒక్కో బేస్‌ని సగటున ఎన్నిసార్లు చదివారో) 50 రెట్లు ఉండాలి. వంద రెట్లు తీసుకుంటే నిశ్చింత. స్ట్రెప్టోమైసిస్ జీనోమ్ 85 లక్షల బేస్‌లు అనుకుంటే వంద రెట్లకి 85 కోట్ల బేస్‌లు, అంటే 150 బేస్‌ల జంట రీడ్‌లయితే సుమారు 28 లక్షల జతలు. సీక్వెన్సింగ్ కంపెనీకి ఆర్డరు ఇచ్చేటప్పుడు 'ఒక జీబీ డేటా' అని మాత్రమే రాసి వదిలెయ్యకుండా శుభ్రం చేశాక మిగిలే డేటా ఎంత ఉండాలో రాయించుకోండి. అడాప్టర్లు, నాసిరకం చివరలు కోసేశాక మిగిలేదే లెక్క. అసెంబ్లీ (రీడ్‌లని అతికి జీనోమ్ కట్టడం) అయ్యాక 500 బేస్‌ల కన్నా చిన్న కాంటిగ్‌లు (అతికిన ముక్కలు) తీసెయ్యండి. చెక్‌ఎం అనే ప్రోగ్రాము పెట్టి సంపూర్ణత 95 శాతం పైన, కల్తీ 5 శాతం లోపు ఉందో లేదో చూడండి. ఉంటేనే ముందుకి.

కల్తీని ఎలా పట్టుకోవాలి

ఒక అసెంబ్లీ చేతికొచ్చిందనుకుందాం. మొత్తం పొడవు కోటీ 26 లక్షల బేస్‌లు, జీసీ 62 శాతం. స్ట్రెప్టోమైసిస్ అని చెప్పి పంపిన కల్చర్‌కి ఈ రెండు అంకెలూ ఎబ్బెట్టుగా ఉన్నాయి. 84 లక్షల బేస్‌ల స్ట్రెప్టోమైసిస్ 72 శాతం జీసీతో, 42 లక్షల బేస్‌ల బాసిల్లస్ 43 శాతం జీసీతో కలిస్తే సరిగ్గా ఇంతే వస్తుంది. కాంటిగ్‌ల జీసీని గ్రాఫ్ గీస్తే ఒక గుట్ట బదులు రెండు గుట్టలు లేస్తాయి.

ఇదే ఫైలుని టీవైజీఎస్‌కి ఇస్తే ఏమవుతుంది? తిట్టదు. దగ్గరి బంధువుల జాబితాలో స్ట్రెప్టోమైసిస్‌లూ, బాసిల్లస్‌లూ పక్కపక్కన కూర్చుంటాయి. 16ఎస్ చెట్టులో మన స్ట్రెయిన్ ఒక కొమ్మ మీద, జీనోమ్ చెట్టులో ఇంకో కొమ్మ మీద తేలుతుంది. డిజిటల్ డీడీహెచ్‌ని సర్వర్ డీ0, డీ4, డీ6 అనే మూడు సూత్రాలతో లెక్కిస్తుంది. పట్టికలో డీ4 అంకె మామూలుగానే ఉంటుంది, డీ0 మాత్రం దిగజారుతుంది. ఎందుకంటే డీ4 సూత్రం రెండు జీనోమ్‌లలో పోలిక కుదిరిన భాగాల్లోనే ఎన్ని బేస్‌లు ఒకటిగా ఉన్నాయో చూస్తుంది. డీ0 ఆ కుదిరిన పొడవుని మొత్తం జీనోమ్‌ల పొడవుతో భాగిస్తుంది. పనికిరాని బాసిల్లస్ డీఎన్‌ఏ అంతా హారంలో చేరిపోయింది మరి. డీ0, డీ4 మధ్య పెద్ద అగాధం కనిపిస్తే ముందు మీ ఫైలునే అనుమానించండి.

సాంగర్‌తో చదివించిన 16ఎస్‌నీ, జీనోమ్‌లోంచి వచ్చిన 16ఎస్‌నీ పక్కపక్కన పెట్టి చూడటం ఇంకో పరీక్ష. రెండూ ఒకే జీవివే అయితే దాదాపు అక్షరం అక్షరం కలవాలి. ఓ చిన్న చిక్కుంది. బాసిల్లస్ సబ్టిలిస్‌లో 16ఎస్ పది చోట్ల ఉంటుంది, స్ట్రెప్టోమైసిస్‌ల్లో సాధారణంగా ఆరు. చిన్న రీడ్‌ల అసెంబ్లీలో ఆ కాపీలన్నీ నలిగి ఒకటైపోతాయి, కొన్నిసార్లు ముక్కలై పూర్తి జీన్ దొరకదు కూడా. అందుకే ఆ సాంగర్ సీక్వెన్స్‌ని పారెయ్యకండి.

ఫలితాల పట్టిక చదవడం

పట్టికలో ప్రతి బంధువుకీ మూడు అంకెలుంటాయి: డీ0, డీ4, డీ6. పక్కనే నమ్మక అవధి, అంటే అసలు అంకె ఉండగల హద్దులు. చివర్లో జీసీ తేడా. డ్రాఫ్ట్ జీనోమ్‌లకి చూడాల్సింది డీ4. జీనోమ్‌లో కొంత భాగం దొరక్కపోయినా అది పెద్దగా కదలదు. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. డీ4 74 వచ్చి, డీ6 66 వచ్చిందనుకోండి. ఆశ ఉన్న కన్ను 66 మీదికే పోతుంది. కానీ 74 అంటే పాత జాతే.

డీ4 69.8 వచ్చిందా? అప్పుడు దాని నమ్మక అవధి సుమారు 67 నుంచి 73 దాకా విస్తరిస్తుంది, గీత ఆ మధ్యలోనే ఉంది. అంకె 70 కింద ఉంది కదా అని దీన్ని పట్టుకుని 'కొత్త జాతి' అని వాదించడం రిస్కే. ఏఎన్ఐ (రెండు జీనోమ్‌ల బేస్‌ల సగటు పోలిక) చూడండి, అక్కడ గీత 95 నుంచి 96 శాతం. ఆ తర్వాత జీవి తీరు చూడండి: ఏ చక్కెరలు తింటుంది, ఏ ఉప్పు దాకా ఓర్చుకుంటుంది, కొవ్వు ఆమ్లాల్లో ఏది ఎక్కువ. డీ4, ఏఎన్ఐ, జీవి తీరు మూడూ ఒకే వైపు మొగ్గితేనే నడవండి. జీసీ తేడా 1 శాతం దాటితే అది ఒకే జాతి కాదని ఒప్పించే సాక్ష్యం. దాటకపోతే దానికదిగా ఏమీ చెప్పదు, ఎందుకంటే వేరే జాతులకీ జీసీ ఒకటే ఉండొచ్చు.

చెట్ల దగ్గర పక్కన రంగు గళ్లు కనిపిస్తాయి: జాతి గుంపు, ఉపజాతి గుంపు, జీసీ, డెల్టా (డేటా చెట్టు ఆకారానికి ఎంత నప్పిందో చెప్పే అంకె), జీనోమ్ పొడవు, ప్రొటీన్ల సంఖ్య. ఈ రంగుల వరస ఒక్కటి చాలు, సర్వర్‌కి మార్కులెయ్యడానికి. మన స్ట్రెయిన్ ఉన్న గడి రంగు ఇంకెవరితోనూ కలవకపోతే జాతి గుంపులో అది ఒంటరి. కొమ్మల మీద ఉన్న మద్దతు అంకెలు వందసార్లు తిరగవేసి తీసినవి. లోపలి కొమ్మలకి 30, 40 కనిపిస్తే ఆ బంధుత్వం గురించి చర్చ భాగంలో పేరాలు నింపకండి.

లేనివాళ్ల సంగతి

మా లెక్కలో ఈ సర్వర్‌కి పెద్ద పరిమితి ఇదే. జీనోమ్ సీక్వెన్స్ అయిన టైప్ స్ట్రెయిన్లతోనే పోలుస్తుంది. మీ స్ట్రెయిన్‌కి అసలు దగ్గరి బంధువు జీనోమ్ ఇంకా ఎక్కడా లేకపోతే, దూరపు చుట్టాలతో పోల్చి కొత్త జాతి అని చెప్పేస్తుంది. అది అబద్ధం కాదు, తనకి తెలిసినంతలో నిజమే.

ఇందాక దాచుకోమన్న ఈజ్‌బయోక్లౌడ్ జాబితా ఇప్పుడు తియ్యండి. అందులో 98.7 శాతం పైనున్న ప్రతి పేరునీ టీవైజీఎస్ పట్టికలో టిక్కు పెట్టుకుంటూ పోండి. లేని పేర్లకి అమెరికా జీనోమ్ భాండాగారం ఎన్‌సీబీఐలో టైప్ స్ట్రెయిన్ జీనోమ్ ఉందేమో చూసి, ఉంటే దాని అక్సెషన్ నంబరుతో మీ ఫైలుతోపాటు మళ్లీ ఎక్కించండి. టైప్ స్ట్రెయిన్‌దేనా కాదా అన్నది స్ట్రెయిన్ నంబరుతో సరిచూసుకోవాలి. అదే జాతిలోని వేరే స్ట్రెయిన్ జీనోమ్‌ని పెట్టి తేల్చేసిన పోలికలు రివ్యూయర్ల చేతిలో తిరిగొస్తాయి. ఎక్కడా లేకపోతే కల్చర్ బ్యాంకు నుంచి ఆ టైప్ స్ట్రెయిన్‌ని తెప్పించి మీరే సీక్వెన్స్ చేయించాలి. ఖర్చే, కానీ జాతి పేరు నిలబడేది అక్కడే.

పేరు పెట్టాక కథ అయిపోదనడానికి మన దగ్గరే ఉదాహరణ ఉంది. హైదరాబాదు నుంచి ఎగరేసిన బెలూన్ పైవాతావరణం నుంచి తెచ్చిన గాలిలోంచి అక్కడి పరిశోధన సంస్థ సీసీఎంబీ వాళ్లు ఒక బాక్టీరియాని వేరుచేసి 2009లో బాసిల్లస్ ఆర్యభట్టై అని పేరు పెట్టారు. మట్టిలో ఎక్కడైనా కనిపించే బాసిల్లస్ మెగాటీరియమ్‌కి 16ఎస్‌లో అది దాదాపు జంటే. 2020లో రెండూ ప్రీస్టియా అనే కొత్త ప్రజాతిలోకి మారాయి. అసలు ఆర్యభట్టై వేరే జాతే కాదు, మెగాటీరియమే అని జీనోమ్ పోలికతో చేసిన వాదన కూడా అచ్చయింది.

మిగతా పనిముట్లతో పోలిస్తే

జీనోమ్‌లని వర్గీకరించే ప్రోగ్రాము జీటీడీబీ-టీకే ఇంకో దారి. అది మీ కంప్యూటరు మీదే నడుస్తుంది, అందుకు బోలెడంత ర్యామ్ కావాలి, మామూలు ల్యాప్‌టాప్ చేతులెత్తేస్తుంది. కల్చర్ లేని జీనోమ్‌లని కూడా అది చూస్తుంది కాబట్టి 'ఇలాంటిది ఇంతకుముందు ఎవరికైనా తగిలిందా' అన్న ప్రశ్నకి దానిదే మంచి జవాబు. కానీ అది ఇచ్చే పేర్లలో చివర ఏ, బీ లాంటి అక్షరాలు తగిలించి ఉంటాయి. బాసిల్లస్ సీరియస్ గుంపుని అది 'బాసిల్లస్ ఏ' అంటుంది. అవి నామకరణ నియమావళి ఒప్పుకున్న పేర్లు కావు, పేపరు శీర్షికలోకి ఎక్కించకూడదు.

ప్రజాతి హద్దులు తేల్చమని టీవైజీఎస్‌ని అడక్కండి, దాని చేత కాని పని. 16ఎస్ 94.5 శాతం కిందికి పోతే ప్రజాతే కొత్తదేమో అన్న అనుమానం వస్తుంది. అప్పుడు ఏఏఐ (ప్రొటీన్ల సగటు పోలిక), పీఓసీపీ (రెండింటికీ ఉమ్మడిగా ఉన్న ప్రొటీన్ల శాతం) లాంటి లెక్కలు వేరేగా చేసుకోవాలి.

రెండే జీనోమ్‌ల మధ్య అంకె కావాలంటే అదే సంస్థ నడిపే జీజీడీసీ చాలు. సూత్రం అదే, చెట్లు ఉండవు, 70 దాటే సంభావ్యత కూడా చెబుతుంది.

సర్వర్ చెయ్యని పనులు

కొవ్వు ఆమ్లాల విశ్లేషణ, ధ్రువ లిపిడ్లకి టీఎల్‌సీ, క్వినోన్లు, కణకవచంలో ఏ డైఅమైనో ఆమ్లం ఉంది, ఇవన్నీ చేతిపనులే. ఇందులో ఎక్కువమంది చేసే తప్పు ఒకటుంది: కొవ్వు ఆమ్లాలకి తమ స్ట్రెయిన్‌ని 28 డిగ్రీల్లో పెంచి, బంధువుల అంకెలని పాత పేపర్ల నుంచి ఎత్తెయ్యడం. ఉష్ణోగ్రత, మీడియం, పెరిగిన రోజులు మారితే కొవ్వు ఆమ్లాల నిష్పత్తి మారిపోతుంది. టైప్ స్ట్రెయిన్లని కూడా తెప్పించి ఒకే బ్యాచిలో పెంచి పోల్చాలి.

తర్వాత కల్చర్ జమ. నియమావళి ప్రకారం టైప్ స్ట్రెయిన్ రెండు వేర్వేరు దేశాల్లోని రెండు కల్చర్ బ్యాంకుల్లో ఉండాలి, అడిగినవాళ్లకి ఆంక్షలు లేకుండా ఇవ్వగలగాలి. పేటెంటు కింద దాచినదో, సేఫ్ డిపాజిట్‌దో పనికిరాదు. మన దేశంలో చండీగఢ్ ఎంటీసీసీ, పుణె ఎన్‌సీఎంఆర్ ఉన్నాయి. జీవవైవిధ్య చట్టం, 2002లోని సెక్షన్ 39 ప్రకారం కొత్త టాక్సన్ దొరికితే నిర్దేశించిన నిల్వ కేంద్రానికి చెప్పి, నమూనా జమ చెయ్యాలి కూడా. రెండో బ్యాంకు డీఎస్ఎంజెడ్ అయినా, జపాన్ జేసీఎం అయినా, కొరియా కేసీటీసీ అయినా కల్చర్ దేశం దాటాలి, అంటే చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య సంస్థ దగ్గర కాగితాల పని. జీనోమ్ ఆర్డరు పెట్టిన వారమే ఈ కాగితాలు మొదలుపెడితే మంచిది. మాన్యుస్క్రిప్టు సిద్ధమయ్యాక మొదలుపెట్టినవాళ్లకి సర్టిఫికెట్టు కోసం ఎదురుచూడటమే మిగులుతుంది. బ్యాంకు వాళ్లు ఆంపూల్ తెరిచి పెంచి, 16ఎస్ సరిచూసి, అప్పుడు సర్టిఫికెట్టు ఇస్తారు. పంపిన కల్చర్‌లో కల్తీ ఉంటే మళ్లీ మొదటికే.

పేరు విషయంలో టీవైజీఎస్‌కి జోడీ ఎల్‌పీఎస్‌ఎన్ అనే వెబ్‌సైటు. జీన్ ఓజెబీ 1997లో మొదలుపెట్టిన ఈ పేర్ల జాబితా 2020 నుంచి డీఎస్ఎంజెడ్ నిర్వహణలోనే ఉంది. టీవైజీఎస్ చూపించే పేర్లు, పర్యాయపదాలు అక్కడినుంచే వస్తాయి. పేరు నిర్ణయించే ముందు అదే ప్రజాతిలో ఆ పేరు ఇదివరకే ఉందేమో అక్కడ వెతకండి. ఊరి పేరు పెట్టాలనుకుంటే ప్రజాతి లింగం చూసుకోండి. స్ట్రెప్టోమైసిస్ పుంలింగం కాబట్టి ఊరి పేరు చివర 'ఎన్సిస్' వస్తుంది, ఫ్లావోబాక్టీరియమ్ లాంటి నపుంసక లింగానికి 'ఎన్సే' రావాలి.